ఆరు మైళ్ళ చదరం

అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళెవరైనా నయాగరా జలపాతం సంగతి చెబుతారు, న్యూయార్కు మేడల సంగతి చెబుతారు. నేను చెప్పబోయేది ఒక ఊరి హద్దుల సంగతి. ముప్పయ్యారేళ్ళు సర్వే శాఖలో గొలుసు వెంట నడిచినవాడికి ఇంకేం కనపడుతుందండీ! మా ఆవిడా ఇదే మాట అంది. కాకపోతే ఇంత మర్యాదగా అనలేదు.

డెట్రాయిట్ దగ్గరపడి విమానం కిందికి దిగుతూంటే కిటికీలోంచి చూశాను. నేలంతా చదరంగం పలకలా ఉంది. రోడ్లు ఉత్తరం నుంచి దక్షిణానికి, తూర్పు నుంచి పడమరకి, దారం పట్టి గీసినట్టున్నాయి. మన కృష్ణా డెల్టాలో కాలవ ఎటు తిరిగితే చేను అటు తిరుగుతుంది, చేను తిరిగినవైపే ఊరి పొలిమేరా తిరుగుతుంది. ఇక్కడ ఏరు తనదారిన తాను పోతోంది, గీత తనదారిన తాను పోతోంది. రెంటికీ సంబంధం లేదు. ఈ గీతలు ఎవడు గీశాడో తెలుసుకోకుండా తిరిగి వెళ్ళకూడదని అప్పుడే అనుకున్నాను.

మా అబ్బాయి ఉండేది మిషిగన్ రాష్ట్రం, వేన్ కౌంటీలోని కాంటన్ టౌన్‌షిప్. డెట్రాయిట్‌కీ ఆన్ ఆర్బర్‌కీ నడుమ ఉంటుంది. టౌన్‌షిప్ అంటే మనకు ఉక్కు ఫ్యాక్టరీవాళ్ళు కట్టించే క్వార్టర్లు గుర్తుకొస్తాయి. ఇది అది కాదు. ఊళ్ళూ, ఇళ్ళూ, మనుషులూ రాకముందే అడవిలో గొలుసు పట్టి కొలిచి, “ఇక ఇదొక ఊరు” అని కాగితం మీద రాసుకున్న చదరం. పొడవు ఆరు మైళ్ళు, వెడల్పు ఆరు మైళ్ళు. ముందు హద్దు, తరవాత ఊరు! మన వైపు ముందు ఊరు పుడుతుంది, చెరువు పుడుతుంది, దెబ్బలాట పుడుతుంది, ఆ తరవాత సర్వేయరు వస్తాడు.

ఈ ఏర్పాటు 1785 మే 20న పుట్టింది. ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం ముగిసి రెండేళ్ళు. కొత్త ప్రభుత్వానికి అప్పులు తలకు మించి ఉన్నాయి, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఉన్నదల్లా పడమటి భూమి. దాన్ని కొలిచి, ముక్కలు చేసి, వేలంవేసి అప్పులు తీర్చుకుందామని చట్టం చేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 30న థామస్ హచిన్స్ అనే ఆయన ఒహాయో నది ఒడ్డున మొదటి గొలుసు పరిపించాడు. మన మద్రాసులో లాంబ్టన్ దొర సెయింట్ థామస్ మౌంటు దగ్గర కొలత మొదలుపెట్టింది 1802లో. అంటే వీళ్ళు మనకన్నా పదిహేడేళ్ళు ముందు.

గొలుసు అన్నాను గదా, అది ఏ గొలుసనుకున్నారు? మనదే! గంటర్ గొలుసు. అరవయ్యారు అడుగులు, నూరు లింకులు. ఎనభై గొలుసులైతే మైలు, పది చదరపు గొలుసులైతే ఎకరం. మన పొలం పటాల్లో ఈనాటికీ కొలతలు లింకుల్లో ఉండేది అందుకే. మన సెంటు అంటే వెయ్యి చదరపు లింకులే. క్రికెట్టు పిచ్చి ఉన్నవాళ్ళకు చెప్పాలంటే, రెండు వికెట్ల మధ్య దూరం సరిగ్గా ఒక గొలుసు. దివితాలూకా బురదలో నేను ఈడ్చిన గొలుసూ, మిషిగన్ అడవిలో వాళ్ళు ఈడ్చిన గొలుసూ ఒకటేనని తెలిసిన రోజున, మా కోడలు పెట్టిన పెసరట్టు ఇంకొకటి ఎక్కువ తిన్నాను.

ఇక ఆ ఆరు మైళ్ళ చదరాన్ని ముప్పయ్యారు ముక్కలు చేస్తారు. ఒక్కొక్కటి చదరపు మైలు, 640 ఎకరాలు. దాన్ని సెక్షను అంటారు. మొత్తం 23,040 ఎకరాలు. 1796 చట్టం వచ్చాక ఈ సెక్షన్లకు అంకెలు వేసే పద్ధతి చూస్తే నాకు నవ్వొచ్చింది. ఈశాన్య మూల ఒకటో నెంబరుతో మొదలుపెట్టి పడమరకు ఆరుదాకా పోతారు. ఏడు మళ్ళీ మొదటికి రాదు, ఆరు కిందే వేసి తూర్పుకు తిరుగుతారు. పన్నెండు అయ్యాక దాని కింద పదమూడు వేసి మళ్ళీ పడమరకు. అచ్చం మన రైతు అరక కట్టి చాలు మీద చాలు తోలినట్టు! మూడో తరగతి చదివే మా మనవరాలికి పలక మీద గీసి చూపించాను. “తాతయ్యా, ఎద్దు ఇక్కడ తిరుగుతుందా?” అని మూలమూలనా ఒక ఎద్దు బొమ్మ వేసింది.

భూమి గుండ్రంగా ఉండడం ఈ చదరాలకు వచ్చిన పెద్ద చిక్కు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖలు ఒకదానికొకటి దగ్గరపడతాయి. మిషిగన్ ఉన్న అక్షాంశంలో ఒక టౌన్‌షిప్ దక్షిణపు అంచుకన్నా ఉత్తరపు అంచు నలభై అడుగులకు పైగా తక్కువ రావాలి. ఆ తరుగుదలనంతా ఉత్తరపు వరసకూ పడమటి వరసకూ తోసి, మిగతా సెక్షన్లను నిండుగా ఉంచుతారు. కొంతదూరం పోయాక గీతను సరిచేసి కొత్తగా మొదలుపెడతారు. అందుకే అమెరికాలో పల్లెల్లో తిన్నగా పోతున్న రోడ్డు ఏ కారణమూ లేకుండా ఒక్కసారి పక్కకు జరిగి మళ్ళీ తిన్నగా పోతుంది. కొత్తవాళ్ళు అక్కడ తోట ఉందనో, గుడి ఉందనో అనుకుంటారు. అక్కడ ఉన్నది భూగోళం.

మిషిగన్ కొలత 1815లో మొదలైంది. ఉత్తర దక్షిణాలుగా ఒక మూలరేఖ, తూర్పు పడమరలుగా ఒక ఆధారరేఖ వేశారు. డెట్రాయిట్ పక్కనుంచి పోయే ‘ఎయిట్ మైల్ రోడ్డు’ ఈ ఆధారరేఖ మీదే ఉంది. ఈ రెండు రేఖలూ కలిసే చోటునుంచి రాష్ట్రంలోని ప్రతి పొలానికీ లెక్క. కాంటన్ విలాసం ‘రెండు దక్షిణం, ఎనిమిది తూర్పు’. అంటే ఆధారరేఖకు దక్షిణాన రెండో వరస, మూలరేఖకు తూర్పున ఎనిమిదో వరస. ఇంతకన్నా పొట్టి విలాసం ఏ పోస్టుమానుకు కావాలి చెప్పండి!

ఆ రెండు రేఖలూ కలిసే చోటు చూపించమని మా అబ్బాయిని వారంరోజులు వేధించాను. “ఏముంది నాన్నా అక్కడ, అడవి” అన్నాడు. చివరికి ఒక ఆదివారం గంట ప్రయాణం చేసి తీసుకుపోయాడు. అడవే. చెట్లమధ్య కాలిబాట, దోమలు. అక్కడ సర్వే గుర్తులు ఒకటికి రెండున్నాయి! తూర్పునుంచి వచ్చిన ఆధారరేఖా, పడమరనుంచి వచ్చిన ఆధారరేఖా ఒక చోట కలవలేదు. 935 అడుగుల పైచిలుకు తేడా వచ్చింది. అంటే పద్నాలుగు గొలుసులు! ఇక చేసేదిలేక రెండు మూలబిందువులూ ఉంచేసుకున్నారు. ఒక రాష్ట్రమంతా ఆ తప్పు మీదే నిలబడి ఉంది, దాన్ని పార్కు చేసి చూడ్డానికి రమ్మంటున్నారు కూడాను. నా సర్వీసులో ఒకసారి మూడు లింకుల తేడా వచ్చినందుకు పై అధికారి నన్ను నిలబెట్టి కడిగేశాడు. ఆయన్ని తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలనిపించింది.

తప్పు రావడంలో వింతేమీ లేదు. అప్పటి మిషిగన్ అంతా చిత్తడి. 1815లో సర్వేయర్ జనరల్ ఎడ్వర్డ్ టిఫిన్ ఈ ప్రాంతం గురించి రాసిన నివేదికలో, సాగుకు పనికొచ్చేది నూటికి ఒక ఎకరం ఉంటే గొప్ప అన్నాడు. దాంతో మాజీ సైనికులకు ఇక్కడ ఇవ్వదలచిన భూములు వేరే చోట్లకు మార్చారు. పైగా భూమిలో ఇనుము ఉన్నచోట దిక్సూచి ముల్లు పిచ్చెత్తిపోయేది. విలియం ఆస్టిన్ బర్ట్ అనే మిషిగన్ సర్వేయరు ఈ బాధ పడలేక, సూర్యుణ్ణి చూసి దిక్కు తెలుసుకునే యంత్రం కనిపెట్టి 1836లో పేటెంటు పుచ్చుకున్నాడు. 1844 సెప్టెంబరులో ఆయన బృందం ఉత్తర మిషిగన్‌లో ముల్లు గిరగిరా తిరగడం చూసి ఎందుకా అని వెతికితే, అక్కడ బ్రహ్మాండమైన ఇనుప గనులు బయటపడ్డాయి. సర్వేయరు ఇనాము అడిగాడో లేదో తెలియదుగాని, నేనైతే అడిగేవాణ్ణి.

వాళ్ళు హద్దు నాటే తీరు కూడా చెప్పాలి. మూలన కర్ర పాతి, చుట్టూ ఉన్న చెట్లకు గాట్లు పెట్టి, ఏ చెట్టు, ఎంత లావు, ఏ దిక్కున ఎన్ని లింకుల దూరం అని పుస్తకంలో రాసేవారు. వాటికి సాక్షి చెట్లని పేరు. చెట్లు లేని మైదానాల్లో మూలన బొగ్గులు పోసి పైన మట్టి పోసేవారు. కర్ర పుచ్చిపోతుంది, రాయిని ఎవడో ఎత్తుకుపోతాడు. బొగ్గు మాత్రం వందల ఏళ్ళయినా భూమిలో చెక్కుచెదరదు. ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకో తరవాత చెబుతాను.

ఇంత చక్కగా కొలిచిన నేల ఎవరిదండీ, అసలు? పటంలో ఎక్కడా వాళ్ళ పేర్లు లేవు. ఒడావా, ఓజిబ్వే, పొటవాటమీ, వయాండాట్ తెగలవారు తరతరాలుగా తిరిగిన నేల ఇది. 1807 నవంబరులో డెట్రాయిట్‌లో ఒక ఒప్పందం రాయించుకున్నారు. ఆగ్నేయ మిషిగన్ అంతటికీ ఇచ్చింది పదివేల డాలర్లు, ఆపైన ఏటా 2,400. వాళ్ళు నడిచిన బాట ఒకటి మాత్రం మిగిలింది. చదరాల మధ్యనుంచి ఐమూలగా, ఏ గీతనూ లెక్కచెయ్యకుండా పోయే మిషిగన్ ఎవెన్యూ అదే. డెట్రాయిట్ నుంచి షికాగో వైపు పోయే పాతదారి. కాంటన్ దక్షిణభాగంలో మా కారు ఆ రోడ్డెక్కినప్పుడల్లా, ఇది గొలుసు వేసిన దారి కాదు, కాళ్ళు వేసిన దారి అనుకునేవాణ్ణి.

నేలతీరు గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది, ఎందుకంటే బల్లపరుపు. మంచుయుగం చివర ఇక్కడంతా పెద్ద సరస్సు. దాని అడుగే ఈ మైదానం. రూజ్ నది దిగువపాయ ఈ టౌన్‌షిప్‌లోంచి పోతుంది. నది అన్నారని ఒడ్డుకు వెళ్ళి చూశాను. మన ఊరి పంటకాలవే నయం.

ఇక జనం. 1820 నుంచి ప్రభుత్వం ఎకరం డాలరుంబావుకు అమ్మింది, తక్కువలో తక్కువ ఎనభై ఎకరాలు కొనాలి. నూరు డాలర్లుంటే రైతన్నమాట. 1825లో ఈరీ కాలవ తెరిచేసరికి న్యూయార్కు వైపునుంచి పడవల మీద జనం దిగారు. 1834లో ఈ చదరానికి కాంటన్ అని పేరుపెట్టారు. చైనాలోని కాంటన్ పేరే! పక్క టౌన్‌షిప్పులకు నాన్‌కిన్ అనీ, పెకిన్ అనీ పెట్టారు. ఆ రెండు పేర్లూ పోయాయి, ఇదొక్కటే నిలిచింది. ప్రతి టౌన్‌షిప్‌లోనూ పదహారో సెక్షను బడికోసం వదలాలని 1785 చట్టంలోనే ఉంది. చదరానికి ఇంచుమించు నడిమధ్యన పడుతుంది అది, పిల్లలు ఏ మూలనుంచైనా నడిచి రావచ్చు. మిషిగన్‌లో మాత్రం ఆ భూముల్ని ఊరికి కాకుండా రాష్ట్రానికి అప్పజెప్పి, అమ్మిన డబ్బును బడుల నిధిలో వేశారు. ఇది మంచిపనా కాదా అని మా అబ్బాయీ నేనూ ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. ఊరి బడి పొలం ఊరి దగ్గరే ఉండాలని నా పక్షం. ఉంటే ఊళ్ళో పెద్దలు తినేస్తారని వాడి పక్షం. వాడు చిన్నప్పుడు మన ఊళ్ళోనే పెరిగాడు మరి.

నూట ముప్పయ్యేళ్ళకు పైగా కాంటన్ పొలాల ఊరే. గోధుమ, పాడి, ఆ తరవాత తీపి మొక్కజొన్న. చెర్రీ హిల్ అనే నాలుగిళ్ళ కూడలిలో హెన్రీ ఫోర్డు 1944లో చిన్న కార్ఖానా పెట్టి, యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళకు పని ఇచ్చాడు. అంతకుమించిన విశేషం జరగలేదు. 1970లో జనాభా 11 వేల చిల్లర. 1977లో పక్కనుంచి పెద్దరోడ్డు, ఐ-275, తెరిచారు. 1980 లెక్కల్లో 48 వేల చిల్లర! 1990లో 57,040. 2000లో 76,366. 2020లో 98,659. కొలిచిన నేల పెరగలేదు, అదే ముప్పయ్యారు చదరపు మైళ్ళు. చదరపు మైలుకు ఇప్పుడు 2,700 మంది పైనే. మిషిగన్‌లో 1,240 టౌన్‌షిప్పులుంటే, 2020 లెక్కల్లో క్లింటన్ టౌన్‌షిప్ ఒక్కటే దీనికన్నా పెద్దది. ఆ రాష్ట్రంలోనే హ్యూరన్ సరస్సు ఒడ్డున పాంట్ ఓ బార్క్ అనే టౌన్‌షిప్ ఉంది. 2010 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది పదిమంది. పదిమందికీ ఊరే, లక్షమందికీ ఊరే, రెంటికీ పేరు టౌన్‌షిప్పే. కాంటన్‌లో నాలుగేళ్ళకోసారి సూపర్‌వైజరునూ, క్లర్కునూ, కోశాధికారినీ, నలుగురు ట్రస్టీలనూ ఎన్నుకుంటారు. మన మునసబూ కరణాలు 1984లో పోయారు. ఇక్కడ క్లర్కు ఓట్లడిగి గెలుస్తాడని చెబితే మా నాన్నగారు నమ్మేవారు కాదు.

ఆ వచ్చిన జనంలో మనవాళ్ళూ ఉన్నారు. కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు, కంప్యూటర్లవాళ్ళు, వైద్యులు. చెర్రీ హిల్ రోడ్డు మీద గుడి ఉంది. ప్రదక్షిణం చేస్తూంటే వెనకనుంచి గుంటూరు యాసలో “కాస్త జరగండి బాబాయిగారూ” అని వినిపిస్తుంది.

ఆగస్టు నెలలో ఒక రోజు మనవరాలూ నేనూ నడుస్తూ పడమటి అంచుకు పోయాం. అక్కడ ఇంకా కొంచెం పొలం మిగిలి ఉంది. రోడ్డు పక్కన బల్లమీద మొక్కజొన్న కండెలు పోసి ఒక ముసలాయన కూర్చున్నాడు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. సర్వేయరునన్నాను. ఆయన ముఖం విప్పారింది. వాళ్ళ ముత్తాత కొన్నది ఎనభై ఎకరాలు. ఏ సెక్షను, అందులో ఏ ముక్క అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాడు. మన రైతు సర్వే నెంబరు చెప్పినట్టే! ఇప్పుడు మిగిలింది పదకొండు ఎకరాలు. చుట్టూరా ఇళ్ళు. అమ్మాయి కాలిఫోర్నియాలో, అబ్బాయి టెక్సాస్‌లో. వచ్చే ఏడు బిల్డరుకు ఇచ్చేస్తానన్నాడు. “మీ ఊళ్ళో మీకు భూమి ఉందా?” అని అడిగాడు. ఉందన్నాను. “ఎవరు చేస్తున్నారు?” కౌలుకిచ్చానన్నాను. “పిల్లలు?” అన్నాడు. నేను మా మనవరాలి వైపు చూశాను. డజను కండెలకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇంటికొచ్చేసరికి మా అబ్బాయి కాగితం బల్లమీద పెట్టి ఉంచాడు. నేను వచ్చినప్పటినుంచీ వాడు అడగాలని అడగలేకపోతున్న సంగతి నాకు తెలుసు. ఊళ్ళో ఉన్న రెండెకరాల నలభై సెంట్లూ అమ్మేస్తే ఇక్కడ ఇంటిఅప్పు సగం తీరుతుంది. ఇక్కణ్ణించే అధికార పత్రం రాసిస్తే బావమరిది అక్కడ పని పూర్తిచేస్తాడు, నేను ఎండలో ఆఫీసుల చుట్టూ తిరగనక్కరలేదు. వాడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఏటా కౌలు ఎంతొస్తుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడు చెప్పాను వాడికి, అంతవరకూ ఎప్పుడూ చెప్పని సంగతి. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. పదివేలమందికి పైగా పోయారు. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. కొట్టుకుపోయిన హద్దులు మళ్ళీ వెయ్యడానికి మమ్మల్ని పంపారు. అడంగలు చేతిలో పట్టుకుని పేరు పిలుస్తాం, పలికేవాళ్ళుండరు. చేనుంటుంది, సర్వే నెంబరుంటుంది, మనిషుండడు. మా చేను తూర్పు మూల రాయి ఇసకమేటలో కలిసిపోయింది. 1978 వేసవిలో నాన్నగారూ నేనూ ఇద్దరమే గొలుసు పట్టి, ఆ మూల తేల్చి, మూడడుగులు తవ్వి, కుండెడు బొగ్గులు పోసి పైన కొత్తరాయి పాతాం. ఆ రాయి కూడా తరవాత కాలవ గట్టు వెడల్పు చేసినప్పుడు పోయింది. మళ్ళీ పాతలేదు. పక్క చేను వాళ్ళు మంచివాళ్ళు కనక పేచీ రాలేదు.

“2020లో మొదలుపెట్టి డ్రోన్లతో అంతా కొలుస్తున్నారని చదివాను గదా నాన్నా, పైనించి కనపడదా?” అన్నాడు.

“బొగ్గు పైనించి కనపడదురా” అన్నాను. “గట్టు మీద తుమ్మచెట్టునుంచి నలభై రెండు లింకులు. అమ్మేదేదో కొలిచి, మూల చూపించి, కొన్నవాడికి అప్పగించి అమ్ముదాం. కాగితం మీద ఇక్కణ్ణించి సంతకం పెట్టను.”

మా ఆవిడ ఏదో అనబోయి ఊరుకుంది. వాడు కాసేపు ఆలోచించి ఫోను తీసి టికెట్లు చూడ్డం మొదలుపెట్టాడు. అక్టోబరు 14కి మాతోపాటు తనకీ ఒకటి తీశాడు. తవ్వడానికి మనిషి కావాలిగా, అన్నాడు.